సెపో: కాలికి వేసిన బొండ, డాలరుకు వేసిన బొండ

2025 ఏప్రిల్ 14 సోమవారం నుంచి అర్జెంటీనాలో మామూలు మనిషి తన బ్యాంకు ఖాతాలోని పెసోలతో (అక్కడి కరెన్సీ) ఎన్ని డాలర్లు కావాలంటే అన్ని కొనుక్కోవచ్చు. అంతకుముందు ఐదున్నరేళ్లు ఆ వీలు లేదు. చాలాకాలం నెలకు 200 డాలర్లే పరిమితి. అవైనా కొనాలంటే ప్రభుత్వ సబ్సిడీలు తీసుకుంటూ ఉండకూడదు, క్రెడిట్ కార్డు మీద విదేశాల్లో ఖర్చు పెట్టి ఉండకూడదు, ఇంకా చాలా షరతులు దాటాలి. ఆ షరతులన్నింటినీ కలిపి అక్కడి జనం ఒక్క మాటతో పిలిచారు: సెపో. ఏప్రిల్‌లో అవి తొలగినప్పుడు పేపర్లన్నీ రాసింది కూడా ఆ మాటే. సెపో ఎత్తేశారు.

స్పానిష్‌లో ఇది కొత్త మాట కాదు. గుంజ, రాయి లాంటి నిలువు స్తంభాన్ని లాటిన్‌లో 'కిప్పుస్' అనేవాళ్లు. దాని నుంచి పుట్టిన సెపోకి పనిముట్ల లోకంలో బోలెడు అర్థాలున్నాయి. రెండు బరువైన దుంగల మధ్య గుండ్రటి కంతలు పెట్టి, నేరస్తుడి కాళ్లో మెడో అందులో బిగించే కొయ్య ఒక సెపో. తెలుగులో దాన్నే బొండ, బొండకొయ్య అంటారు. పాత తెలుగు బైబిల్ చదివినవాళ్లకు తప్ప ఈ తరానికి ఆ మాట పెద్దగా తెలియదు. స్పానిష్ సామ్రాజ్యంలో అమెరికా ఖండమంతటా జైళ్లలో ఈ కొయ్యలుండేవి. 19వ శతాబ్దంలో అర్జెంటీనా సరిహద్దు కోటల్లో సైనికులను శిక్షించడానికీ వాడారు. అడవి జంతువు కాలు పెట్టగానే పళ్లు బిగిసే ఇనుప ఉచ్చూ సెపోయే. తప్పుచోట ఆపిన కారు కదలకుండా స్పెయిన్ నగరాల్లో పోలీసులు చక్రానికి తగిలించే తాళమూ సెపోయే. కమ్మరి దాగలి కింద ఉండే మొద్దు, ఓడ లంగరుకు పైభాగంలో ఉండే అడ్డకడ్డీ, ఇవీ సెపోలే. ఇదే మాటకు చిన్నరూపమైన 'సెపియో'కి వడ్రంగి చిత్రిక అనీ, బ్రష్ అనీ, చర్చిలో కానుకలు వేసే హుండీ అనీ అర్థాలున్నాయి.

డబ్బు మార్పిడి మీద ఆంక్షలకు ఇంతటి బరువైన పేరు అతికిందంటే ఆంక్షలు ఎంత గట్టిగా బిగిశాయో అర్థమవుతుంది. అధికారిక పత్రాల్లో ఈ మాట కనిపించదు. అక్కడ 'విదేశీ మారక ఆంక్షలు' అనే ఉంటుంది. ఆంక్షలు పెట్టిన ప్రభుత్వాలకు సెపో అనే మాట నచ్చలేదు, జనం దాన్ని వదల్లేదు. 2015 అధ్యక్ష ఎన్నికల్లో మౌరిసియో మాక్రి సెపో ఎత్తేస్తానన్న హామీతోనే ప్రచారం చేసి గెలిచాడు.

అసలు డాలరు తన సొంత కరెన్సీ కాని దేశంలో దాని కోసం ఇంత గొడవ ఎందుకు? రూపాయికి విలువ తగ్గితే మనవాళ్లు బంగారం కొంటారు, స్థలం కొంటారు. అర్జెంటీనాలో డాలర్ కొంటారు. ఇళ్ల ధరలు డాలర్లలోనే చెబుతారు. రిజిస్ట్రేషన్ రోజు నోట్ల కట్టలు లెక్కపెట్టి చేతికిస్తారు. నూరు డాలర్ల నోట్లలో బొమ్మ చిన్నగా ఉన్న పాత నోటుకు కొంత తక్కువ ధర కట్టే అలవాటూ ఉంది. దేశంలోని బ్యాంకుల బయట, అంటే పరుపుల కిందా లాకర్లలోనూ విదేశీ ఖాతాల్లోనూ అర్జెంటీనా వాళ్లు దాచుకున్నది 200 బిలియన్ డాలర్లకు పైనే అని ఆ దేశ గణాంక సంస్థ అంచనాలే చెబుతాయి. ఇది అత్యాశ కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఆ అనుభవంలో అన్నింటికన్నా చేదైనది 2001 డిసెంబర్. అంతకు పదేళ్ల ముందు, 1991లో, ఆర్థిక మంత్రి డొమింగో కవాయో దేశ కరెన్సీ విలువను డాలరుకు కట్టేస్తూ చట్టం చేయించాడు. 1992లో పెసో వచ్చాక ఒక పెసో ఒక డాలరుకు సమానం. ద్రవ్యోల్బణం ఆగింది, జనం నమ్మారు, బ్యాంకుల్లో డాలర్లు డిపాజిట్ చేశారు. దశాబ్దం చివరికి అప్పులు పెరిగి నమ్మకం సడలింది. డిపాజిట్లు తీసేసుకోవడానికి జనం ఎగబడ్డారు. 2001 డిసెంబర్ 1న అదే కవాయో వారానికి 250 పెసోలకు మించి నగదు తీయకూడదన్నాడు. దాన్ని జనం 'కొర్రలీతో' అన్నారు. పసిపిల్లల్ని ఆడుకోమని కూర్చోబెట్టే చిన్న కంచెకు ఆ పేరు. వీధుల్లో తిరుగుబాటు వచ్చింది, పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు, డిసెంబర్ 20న అధ్యక్షుడు ఫెర్నాండో డి లా రువా రాజీనామా చేశాడు. కొద్ది వారాలకే డాలర్ డిపాజిట్లను ఒక డాలరుకు 1.40 పెసోల లెక్కన పెసోల్లోకి మార్చేశారు. మార్కెట్లో డాలర్ అంతకు రెట్టింపు దాటిపోయింది. ఆ తర్వాత అర్జెంటీనా కుటుంబం బ్యాంకులో డాలర్లు ఎందుకు ఉంచదో ఎవరూ అడగనక్కర్లేదు.

కొర్రలీతోకీ సెపోకీ తేడా ఉంది. మొదటిది మన డబ్బు మనం బ్యాంకు నుంచి తీసుకోకుండా ఆపింది. రెండోది డబ్బు తీసుకోనిస్తుంది, దాంతో డాలర్ మాత్రం కొననివ్వదు.

ఆ రెండోదాన్ని ఈ తరం చూసింది 2011లో. మారకం మీద నియంత్రణలు అర్జెంటీనాకు 1931 అక్టోబర్ నుంచే పరిచయం. మధ్యలో ఎన్నోసార్లు వచ్చాయి, పోయాయి. 2011 అక్టోబర్ 23న అధ్యక్షురాలు క్రిస్తీనా ఫెర్నాండెస్ డి కిర్చ్‌నర్ 54 శాతం ఓట్లతో రెండోసారి గెలిచారు. ఆ ఏడాదిలోనే 20 బిలియన్ డాలర్లకు పైగా దేశం ఆర్థిక వ్యవస్థ నుంచి బయటికి పోయాయి. ఎన్నికలయిన వారం తిరిగేసరికి, అక్టోబర్ 31 నుంచి, డాలర్ కొనాలంటే పన్నుల శాఖ అనుమతి తప్పనిసరి అయింది. కొనుగోలుదారు ఆదాయానికీ కొనే మొత్తానికీ పొంతన ఉందా అని కంప్యూటర్ చూసి అవుననో కాదనో చెప్పేది. చాలామందికి కారణమేమీ చెప్పకుండా కాదనేది. 2012 జులైలో పొదుపు కోసం డాలర్ కొనడమే మానిపించారు. విదేశాల్లో కార్డు వాడితే మొదట 15, తర్వాత 20, 2013 చివరికి 35 శాతం అదనంగా వసూలు చేశారు.

దిగుమతులకూ అదే గతి పట్టింది. దేశీయ వాణిజ్య కార్యదర్శి గియెర్మో మొరెనో దిగుమతిదార్లకు ఒక లెక్క చెప్పాడు: ఒక డాలర్ సరుకు తెచ్చుకోవాలంటే ఒక డాలర్ సరుకు ఎగుమతి చేయండి. కార్లు అమ్ముకునే బీఎమ్‌డబ్ల్యూ బియ్యం ఎగుమతికి ఒప్పుకుంది. పోర్షె కార్ల దిగుమతిదారు మాల్బెక్ వైన్ ఎగుమతి చేసింది. వార్తగా చదివితే విచిత్రంగా ఉంటుంది కానీ, మందుల ముడిసరుకు కోసం, యంత్రాల విడిభాగాల కోసం ఎదురుచూసిన చిన్న ఫ్యాక్టరీలకు ఇది ప్రాణసంకటమే. దిగుమతికి ముందస్తు అనుమతి విధానం అంతర్జాతీయ నిబంధనలకు విరుద్ధమని ప్రపంచ వాణిజ్య సంస్థ 2015 జనవరిలో తుది తీర్పు ఇచ్చింది.

ఇంత బిగించి సాధించిందేమిటి? సెపో లక్ష్యం సెంట్రల్ బ్యాంకులోని డాలర్ నిల్వలు కాపాడటం. 2011 చివర్లో ఆ నిల్వలు సుమారు 46 బిలియన్లు. 2015 డిసెంబర్‌కి సుమారు 25 బిలియన్లు. నాలుగేళ్ల పహరా తర్వాత సగం దాకా ఖాళీ అయ్యాయి. అప్పుల చెల్లింపులు, ఇంధన దిగుమతులు కొంత కారణం. అంతకన్నా పెద్ద కారణం సెపో లోపలే ఉంది. బయటికి పోయే డాలర్లను ఆపే ఆంక్షే లోపలికి రావలసిన డాలర్లనూ ఆపేసింది.

అది ఎలాగో లెక్క వేసి చూడాలి. డాలర్ మీద ఆంక్ష పెట్టిన ప్రభుత్వం సాధారణంగా డాలర్ ధరనూ తనే నిర్ణయించి, మార్కెట్ ధర కన్నా తక్కువగా ఉంచుతుంది. 2023 అక్టోబర్ నాటి అంకెలు తీసుకుంటే విషయం తేటగా కనిపిస్తుంది. అప్పుడు అధికారిక ధర డాలరుకు సుమారు 350 పెసోలు. బయట అనధికార మార్కెట్లో 1,000 పెసోలు దాటింది. సోయా రైతు పంట 100 డాలర్లకు అమ్ముడుపోయిందనుకుందాం. అందులో ఎగుమతి సుంకం 33 శాతం. ప్రత్యేక ధరలు పక్కన పెడితే, మిగిలిన 67 డాలర్లకు ప్రభుత్వం 350 చొప్పున లెక్కగట్టి 23,450 పెసోలు ఇస్తుంది. ఆ పెసోలు పట్టుకుని బయటికి వెళ్తే వచ్చేది 23 డాలర్లు. నూరు డాలర్ల పంటకు చేతికి దక్కింది నాలుగో వంతు కూడా కాదు. ఏ రైతైనా ఏం చేస్తాడు? అమ్మడు. అర్జెంటీనా పొలాల్లో 'సిలోబోల్సా' అనే పొడవాటి తెల్ల ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. ఒక్కోటి 60 మీటర్ల పొడవుంటుంది, సుమారు 200 టన్నుల గింజలు పడతాయి. ధర మారేదాకా సోయా ఆ సంచుల్లోనే నెలల తరబడి ఉండేది. గింజలు నిల్వ చేసుకునే ఈ వ్యవసాయ సాధనం డాలర్ పొదుపు ఖాతాగా మారింది. మన దేశం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనాదే కాబట్టి, ఆ సంచుల మూతి ఎప్పుడు విప్పుతారన్నది మన నూనె వ్యాపారులకూ పట్టింపే.

ఇక దిగుమతిదారు వైపు చూద్దాం. అతనికి 350కే డాలర్ దొరికితే, పన్నులు పక్కన పెడితే, అది మూడో వంతు ధరకు సరుకు దొరికినట్టే. అందుకే అవసరం లేకున్నా దిగుమతి చేసి నిల్వ పెడతాడు. 100 డాలర్ల సరుకుకు 130 డాలర్ల బిల్లు పెట్టించి, మిగిలిన 30 విదేశీ ఖాతాలో వేసుకోవాలన్న ఆశా పుడుతుంది. ఆ 30 డాలర్లకు అతను కట్టింది 10,500 పెసోలు, వాటి విలువ 30,000. రేషన్ కిరోసిన్‌కూ బయటి కిరోసిన్‌కూ ధరలో తేడా ఉన్నన్నాళ్లూ డిపో నుంచి డబ్బాలు పక్కదారి పట్టాయని మనకు తెలుసు. డాలర్ దగ్గరా జరిగింది అదే. తేడాని స్పానిష్‌లో 'బ్రెచా' అంటారు. అర్జెంటీనాలో రోజూ టీవీ తెర మీద ఒక మూల కనిపించే అంకె అది. ఆ అంకె పెరిగేకొద్దీ అమ్మేవాడు వెనకడుగు వేస్తాడు, కొనేవాడు ముందుకు తోసుకొస్తాడు. నిల్వలు కరిగేది అక్కడ.

ప్రభుత్వాలు ఈ లెక్క తెలియక చేశాయనుకోవడం తప్పు. తెలుసు కాబట్టే ఒక్కో వర్గానికి ఒక్కో ధర పెడుతూ వచ్చాయి. 2022 సెప్టెంబర్‌లో సోయా బయటికి రావాలని రైతులకు 'సోయా డాలర్' పెట్టారు. అధికారిక ధర 140 పెసోల దగ్గరుంటే వాళ్లకు 200. ఆ నెలంతా లారీలు రేవులకు వరుస కట్టాయి. గడువు ముగిశాక మళ్లీ ఆగాయి, ఇంకో ప్రత్యేక ధర వస్తుందిలే అని. అదే ఏడాది అక్టోబర్‌లో, ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ దగ్గరపడుతుండగా, విదేశాల్లో నెలకు 300 డాలర్లు మించి కార్డు ఖర్చుచేసేవాళ్లకు మరో ధర వేశారు. దానికి 'ఖతార్ డాలర్' అని పేరు. విదేశీ సంగీత బృందాలను రప్పించేవాళ్లకు ఇంకోటి, కోల్డ్‌ప్లే బ్యూనస్ ఐరిస్‌లో పది రాత్రులు కచేరీలు చేస్తున్న రోజులు కాబట్టి అది 'కోల్డ్‌ప్లే డాలర్' అయింది. పొదుపు డాలర్, కార్డు డాలర్, టూరిస్టు డాలర్ సరేసరి. ఒకే నోటుకు డజను పైగా ధరలు. అందులో ఏది ఎవరికి వర్తిస్తుందో తెలుసుకోవడానికే కంపెనీలు మనుషుల్ని పెట్టుకున్నాయి. ఒక దేశం మేధస్సులో ఎంత భాగం ఈ చిక్కుముడులు వేయడానికీ విప్పడానికీ పోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

చట్టబద్ధమైన దారి ఒకటి స్టాక్ మార్కెట్లో ఉండేది. ఒకే ప్రభుత్వ బాండు పెసోల్లోనూ డాలర్లలోనూ ట్రేడవుతుంది. పెసోలతో కొని, నిర్ణీతంగా కొన్ని గంటలపాటో రోజులపాటో చేతిలో ఉంచుకుని, డాలర్లకు అమ్మేస్తే స్థానిక ఖాతాలో డాలర్లు పడతాయి. దాన్ని 'మెప్ డాలర్' అంటారు. అమ్మిన డాలర్లు న్యూయార్క్‌లోని ఖాతాలో పడితే అది 'కొంతాదో కొన్ లికిదసియోన్'. బాండు మార్కెట్ భాష తెలిసిన వాళ్లకు, ఖాతాలు తెరిచే సత్తా ఉన్నవాళ్లకు ఈ దారి. మిగతావాళ్లకు వీధి. బ్యూనస్ ఐరిస్ ఫ్లోరిడా వీధిలో 'కాంబియో, కాంబియో' అని పిలుస్తూ నిలబడేవాళ్లను 'అర్బొలీతో' అంటారు, చిన్న చెట్టు అని అర్థం. వాళ్లు తీసుకెళ్లే రహస్య గది 'కువేవా', గుహ. అక్కడి ధర 'బ్లూ డాలర్'. చట్టప్రకారం అది నేరం. అయినా ఆ ధర రోజూ పేపర్ల మొదటి పేజీలో పడేది, టీవీ యాంకర్లు వాతావరణంతో పాటు చదివేవాళ్లు. చట్టం కాదన్న ధరే జనం లెక్కల్లో అసలు ధర అయింది. చిల్లర కొట్టువాడు కూడా రేపటి సరుకు ఏ ధరకు వస్తుందోనని బ్లూ చూసి ఈరోజు ధర మార్చేవాడు.

బొండ ఎవరి కాళ్లకు పడిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ధనికుడికి మెప్ ఉంది, విదేశీ కంపెనీ ఉంది, ఉరుగ్వేలో ఖాతా ఉంది. అధికారిక ధరకు డాలర్ సంపాదించుకోగలిగిన దిగుమతిదారుకు సెపో లాభసాటి కూడా. జీతం పెసోల్లో తీసుకునే టీచరుకు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకు మాత్రం రెండే దారులు: పెసోల్లో దాచుకుని కరిగిపోవడం చూడటం, లేదంటే గుహకు వెళ్లి బ్లూ ధర కట్టడం. 2023లో అర్జెంటీనా వార్షిక ద్రవ్యోల్బణం 211 శాతం. దాచుకున్న పెసో ఏడాదికి మూడో వంతుకు పడిపోయింది. సెపోని సమర్థించేవాళ్లు అది లేకుంటే డాలర్ ఇంకా పెరిగి పేదవాడి తిండి ఇంకా ఖరీదయ్యేదని అంటారు. కొన్ని నెలల వరకు ఆ వాదన నిజమే. ఏళ్ల తరబడి నడిచినప్పుడు మాత్రం అది నిలబడదు. తిండి ధరలూ బ్లూ వెంటే నడిచాయి.

అంత చేటు చేస్తుందని తెలిసీ ఎత్తేయడానికి ఏళ్లు ఎందుకు పడుతుంది? పళ్ల ఉచ్చుకు లోపలికి వెళ్లడానికి అడుగు వేస్తే చాలు. బయటికి రావాలంటే స్ప్రింగు బలాన్ని మించిన బలం కావాలి. ఆ బలం పేరు రిజర్వులు. అణిచి ఉంచిన ధర ఒక్కసారిగా వదిలితే పైకి దూకుతుంది, ద్రవ్యోల్బణం ఎగుస్తుంది, నిన్నటిదాకా ఆపి ఉంచిన చెల్లింపులన్నీ ఒకేరోజు డాలర్లు అడుగుతాయి. సెంట్రల్ బ్యాంకు దగ్గర డాలర్లు లేకపోవడం వల్లే సెపో వచ్చింది. సెపో ఉండటం వల్ల డాలర్లు చేరలేదు. అందుకే చాలా ప్రభుత్వాలు ఎత్తేయడాన్ని వచ్చే నెలకు వాయిదా వేశాయి.

మాక్రి మాత్రం ఒక్కసారిగా ఎత్తేశాడు. పదవిలోకి వచ్చిన వారానికే, 2015 డిసెంబర్ 17న. అధికారిక ధర 9.8 పెసోల నుంచి 13 దాటింది. అనుకున్నంత ఉపద్రవం రాలేదు, ఎందుకంటే చాలా సరుకుల ధరలు అప్పటికే బ్లూ లెక్కన పెరిగి ఉన్నాయి. అయితే బడ్జెట్ లోటు అలాగే ఉంది. దాన్ని విదేశీ అప్పులతో పూడ్చారు. బయటి పెట్టుబడిదార్లు డాలర్లు తెచ్చి పెసో బాండ్ల మీద పెద్ద వడ్డీ తీసుకుని, మళ్లీ డాలర్లుగా మార్చుకుని వెళ్లే ఆట నడిచింది. దానికి అక్కడ 'ఆర్థిక సైకిల్' అని పేరు, ఆగితే పడిపోతుంది కాబట్టి. 2018లో ఆగింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) తన చరిత్రలోనే అతిపెద్ద రుణం, 57 బిలియన్ల దాకా, ఒప్పుకుంది. అందులో సుమారు 44 బిలియన్లు ఇచ్చింది. 2019 ఆగస్టు 11 ప్రాథమిక ఎన్నికల్లో మాక్రి చిత్తుగా ఓడిన మర్నాడే పెసో కుప్పకూలింది. సెప్టెంబర్ 1న, సెపో ఎత్తేశానని గర్వంగా చెప్పుకున్న ఆ ప్రభుత్వమే మళ్లీ సెపో పెట్టింది, నెలకు 10,000 డాలర్ల పరిమితితో. అక్టోబర్ ఎన్నికల రాత్రి దాన్ని 200కు దించింది. తర్వాత వచ్చిన అల్బెర్తో ఫెర్నాండెస్ ప్రభుత్వం డాలర్ మీద 30 శాతం పన్ను వేసింది, 2020 సెప్టెంబర్‌లో మరో 35 శాతం ముందస్తు వసూలు కలిపింది. అప్పటి నుంచి పేపర్లు 'సూపర్ సెపో' అని రాయడం మొదలుపెట్టాయి.

2023 డిసెంబర్ 10న హావియెర్ మిలే అధ్యక్షుడయ్యేనాటికి సెంట్రల్ బ్యాంకు అప్పులు తీసేస్తే నికర నిల్వలు సున్నాకి కిందికి, మైనస్ 11 బిలియన్ల దాకా పోయాయి. స్వేచ్ఛామార్కెట్ తన మతమని చెప్పుకునే మిలే సెపోని మొదటి రోజే తీసేస్తాడని చాలామంది అనుకున్నారు. తీయలేదు. అధికారిక ధరను 366 నుంచి ఒక్కసారిగా 800 చేశాడు, అక్కడి నుంచి నెలకు 2 శాతం చొప్పునే పెరగనిచ్చాడు. సెపో అలాగే ఉంది. ప్రభుత్వ ఖర్చులు గట్టిగా కోసి బడ్జెట్ లోటును పోగొట్టాడు. నెలవారీ ద్రవ్యోల్బణం 2023 డిసెంబర్‌లో 25.5 శాతం ఉండగా 2024 డిసెంబర్‌కి 2.7కి దిగింది.

ఆ ఏడాది అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి సెపో అనే మాటకున్న ఓడ అర్థం పనికొస్తుంది. పాతకాలపు లంగరులో కొక్కేల చేతులు ఒక దిశలో ఉంటే, పైన అడ్డకడ్డీ దానికి లంబంగా ఉంటుంది. లంగరు నేలకు తాకినప్పుడు ఆ అడ్డకడ్డీ దాన్ని పక్కకు ఒరగనివ్వకుండా తిప్పి, ఒక కొక్కెం ఇసుకలో దిగేలా చేస్తుంది. అడ్డకడ్డీ ఓడను ఆపదు, ఆపేది కొక్కెం. అది దిగేలా చూడటమే అడ్డకడ్డీ పని. మిలే ప్రభుత్వంలో కొక్కెం బడ్జెట్. లోటు పూడ్చడానికి నోట్లు ముద్రించడం ఆగింది. ఆ కొక్కెం దిగేదాకా మారకం ధర ఒరిగిపోకుండా సెపో పట్టుకుంది. 2011 నుంచి 2015 దాకా, 2019 నుంచి 2023 దాకా ఉన్నది కేవలం అడ్డకడ్డీ. కింద కొక్కెం లేదు. అదే ఆంక్ష, అదే పేరు. ఒకసారి ఉచ్చు అయింది, ఒకసారి లంగరు భాగమైంది. దీనికి మూల్యం లేదని కాదు. ఖర్చుల కోతలో పెన్షన్ల కొనుగోలు శక్తి బాగా దెబ్బతింది. పెసో నిజవిలువ పెరిగి దేశంలో అన్నీ డాలర్లలో ఖరీదయ్యాయి. అర్జెంటీనా కుటుంబాలు బట్టలు, టీవీలు కొనడానికి కొండలు దాటి చిలీకి వెళ్లాయి.

ఇదంతా చదివే తెలుగువాళ్లకు ఒక సందేహం రావాలి. మన దేశంలోనూ డాలర్ కొనడానికి పరిమితి ఉందిగా? ఉంది. ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్లకు మించి బయటికి పంపకూడదు. ఆ పథకం 2004 ఫిబ్రవరిలో 25,000 డాలర్లతో మొదలైంది. అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ వై.వి.రెడ్డి తెలుగువారే. పిల్లల చదువుకు అమెరికా ఫీజు కట్టే హైదరాబాద్, గుంటూరు తల్లిదండ్రులు ఆ పథకం కిందే పంపిస్తున్నారు. దీన్ని ఎవరూ బొండ అనరు. కారణం పరిమితి పెద్దదని మాత్రమే కాదు. బ్యాంకులో డాలర్ ధరకూ బయటి ధరకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బిగింపు ఉన్నా, దాని వెనక అబద్ధపు ధర లేదు. అర్జెంటీనా చిక్కు పరిమితిలో కన్నా ధరలోనే ఎక్కువ ఉంది.

మన దగ్గరా ఆ అబద్ధపు ధర ఉన్న రోజులున్నాయి. 1991లో కొద్ది వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలినప్పుడు, దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు తరలించి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. జులై 1, 3 తేదీల్లో పి.వి.నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించింది. ఆ తర్వాత జరిగిన దాని గురించి మనవాళ్లలో ఎక్కువ చర్చ లేదు. 1992 మార్చిలో భారత్ కూడా రెండు ధరల విధానం పెట్టింది. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో 40 శాతం అధికారిక ధరకు ఇవ్వాలి, 60 శాతం మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చు. అర్జెంటీనాలో రెండో ధర లోపలికి దిగబడే మెట్టు. ఇక్కడ అది బయటికి ఎక్కే మెట్టు. ఏడాది తిరిగేసరికి, 1993 మార్చిలో, రెండు ధరలూ కలిపేశారు. 1994 ఆగస్టులో వర్తక చెల్లింపులకు రూపాయి మార్పిడి పూర్తిగా స్వేచ్ఛ పొందింది. పెట్టుబడి లావాదేవీల మీద నియంత్రణలు మాత్రం ఇప్పటికీ దశలవారీగానే సడలుతున్నాయి. రెండేళ్లలో పూర్తయిన ఆ పని వెనక ధరను నిజానికి దగ్గరగా తేవాలన్న నిర్ణయం ఉంది, తర్వాతే బిగింపు సడలించాలన్న వరుస ఉంది.

2025 ఏప్రిల్ 11న అర్జెంటీనా ప్రకటించినదీ దాదాపు ఆ వరుసే. ఐఎంఎఫ్ నుంచి 20 బిలియన్ డాలర్ల కొత్త రుణం, అందులో 12 బిలియన్లు వెంటనే. డాలర్ ధర 1,000, 1,400 పెసోల మధ్య స్వేచ్ఛగా తిరగొచ్చని, ఆ హద్దులు నెలకు ఒక్కో శాతం విశాలమవుతాయని అప్పుడు చెప్పారు. వ్యక్తులకు పరిమితి లేదు. మొదటి వారంలో బ్లూ ధర అధికారిక ధరకు దగ్గరగా దిగి వచ్చింది, ఫ్లోరిడా వీధిలో పిలిచేవాళ్లకు గిరాకీ పడిపోయింది. కంపెనీల విషయంలో మాత్రం సెపో సగమే లేచింది. 2025 నుంచి మొదలయ్యే లెక్కల సంవత్సరపు లాభాలను విదేశీ యజమానులకు పంపుకోవచ్చన్నారు. అంతకుముందు ఏళ్లుగా ఇరుక్కుపోయిన లాభాల కోసం డాలర్ బాండ్లు కొని కాలం గడపాల్సి వచ్చింది. సెప్టెంబర్ చివర్లో, పార్లమెంటు ఎన్నికలకు నెల ముందు, డాలర్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు సెంట్రల్ బ్యాంకు ఒక పాత నిబంధన తిరిగి తెచ్చింది: బ్యాంకులో డాలర్ కొన్నవాళ్లు 90 రోజుల దాకా బాండు దారిలో డాలర్ అమ్మకూడదు. అధికారిక ధరకు కొని మెప్ ధరకు అమ్మి లాభం తీసుకునే 'రూలో'ను, అంటే జుట్టు రింగు లాంటి చుట్టుదారిని, ఆపడానికి అది. రెండు ధరల మధ్య తేడా 2023 నాటితో పోలిస్తే చాలా చిన్నదే. అయినా తేడా అంటూ పుట్టగానే మొదటి మర బిగిసింది.